బొమ్మ అక్కడిది, గొంతు ఇక్కడిది: యానిమేషన్ దృశ్యం మీమ్‌గా మారే తీరు

హనుమకొండ బస్టాండులో ములుగు బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీల్లోంచి దస్తీలు, సంచులు లోపలికి పడతాయి. దస్తీ పడిన సీటు దస్తీ వేసినవారిదే అన్నది ఎక్కడా రాసి లేకపోయినా అందరూ ఒప్పుకునే చట్టం. ఈ తోపులాటను సెల్‌ఫోన్‌తో తీసి పెడితే అదొక మామూలు వీడియో, అంతే. అదే తోపులాట వెనువెంటనే, 2003లో పిక్సార్ సంస్థ తీసిన ‘ఫైండింగ్ నీమో’లో తిండి కనబడగానే ఒక్కసారిగా తలలు తిప్పి ‘నాదే, నాదే’ అని అరిచే సీగల్ పక్షుల గుంపును ఐదు సెకన్లు అతికించి, వాటి నోట ‘గీ సీటు నాదే’ అనిపిస్తే అది మీమ్ అవుతుంది. చూసినవారు నవ్వి, తమ ఊరి బస్సు పేరు చేర్చి, ఇంకొకరికి పంపుతారు.

ఆ సినిమా నిడివి 100 నిమిషాలు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మొత్తం 1,44,000 ఫ్రేములు. మీమ్‌కు కావలసినవి అందులో 120 మాత్రమే. అన్ని ఫ్రేములను వదిలేసి ఆ 120 దగ్గరే చెయ్యి ఎందుకు ఆగింది? నవ్వించే దృశ్యం కనుక అన్న జవాబు చాలదు. థియేటరులో కడుపుబ్బ నవ్వించిన దృశ్యాలు ఎన్నో అక్కడితోనే ముగిసిపోయాయి, కన్నీళ్లు పెట్టించిన దృశ్యాలు కొన్ని మీమ్‌లై తిరుగుతున్నాయి. మీమ్ కావలసిన దృశ్యం నవ్వించడం కన్నా ముందు సినిమా నుంచి శుభ్రంగా ఊడిరావాలి. ముందు కథ, వెనక కథ తెలియనివారికి కూడా అది అర్థం కావాలి. పాత గొంతు తీసేసి కొత్త గొంతు పెట్టినా అతకాలి. ఈ రెండు షరతులనూ నటులతో తీసిన దృశ్యం కన్నా గీసిన దృశ్యం తేలికగా తీరుస్తుంది. ఉత్తర తెలంగాణలో తయారయ్యే మీమ్‌ల విషయానికి వస్తే, రెండో షరతుకే ఎక్కువ బలం ఉంది.

మీమ్ అన్న మాటను జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1976లో జన్యువుకు జోడుగా పుట్టించాడు. మనిషి నుంచి మనిషికి అనుకరణ ద్వారా పాకే భావం అని ఆయన ఉద్దేశం. ఇప్పుడు ఆ మాటను వాడేవారిలో చాలామందికి ఆయనతో పని లేదు, ఈ వ్యాసానికీ అంతకు మించి లేదు.

గీసిన ముఖంలో అనుకోకుండా పడిన గీత ఒక్కటి కూడా ఉండదు. నటుడు కెమెరా ముందు నిలబడితే కనురెప్ప కొట్టుకుంటుంది, చెమట పడుతుంది, జుట్టు రేగుతుంది, వెనక ఎవరో నడిచిపోతారు. యానిమేషన్‌లో అలాంటివి కావాలనుకుంటేనే వస్తాయి, ఎందుకంటే ప్రతి కదలికనూ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. పెద్ద సినిమాల్లో ఒక యానిమేటర్ వారమంతా పని చేస్తే కొన్ని సెకన్ల కదలిక మాత్రమే తయారవుతుంది. డిస్నీలో దశాబ్దాలు పని చేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్స్టన్ ఈ విద్యకు సంబంధించిన 12 సూత్రాలను 1981లో పుస్తకంగా అందించారు. వాటిలో మూడింటిని చూస్తే చాలు, మీమ్ సంగతి సగం బోధపడుతుంది. చెప్పదలచిన విషయం ఒక్క చూపులో తెలిసేలా పాత్రను నిలబెట్టాలన్నది ఒకటి. అసలు కదలికకు ముందు దాని సూచన ఉండాలన్నది రెండోది, అంటే దూకేవాడు ముందు కుంగాలి, అరిచేవాడు ముందు గాలి పీల్చాలి. భావాన్ని ఉన్నదానికన్నా పెంచి చూపాలన్నది మూడోది. ఈ సూత్రాల ప్రకారం నడిచిన దృశ్యంలో ప్రతి మూడు నాలుగు సెకన్లకూ సొంతంగా మొదలూ కొసా ఉంటాయి. మీమ్ తయారుచేసే కుర్రవాడు కత్తెర పెట్టేది సరిగ్గా ఆ కొసల దగ్గరే. ఎక్కడ తెంపాలో యానిమేటర్ ముందే గుర్తు పెట్టి ఉంచినట్టు ఉంటుంది.

గీసిన ముఖం ఎవరి సొత్తూ కాకపోవడం ఇంకో సౌకర్యం. తెలుగు మీమ్‌లకు రారాజు బ్రహ్మానందం అన్నదాంట్లో సందేహం లేదు, ఆయన ముఖకవళికలు లేని వాట్సాప్ గ్రూపు దొరకడం కష్టం. కానీ బ్రహ్మానందం ముఖం ఏ మాట పలికినా బ్రహ్మానందం ముఖంగానే ఉంటుంది. కథానాయకుల సంగతి మరీ సున్నితం. ఒక హీరో ముక్కను వాడితే ఆయన అభిమానులకు కోపం, ఇంకో హీరోది వాడితే పోలిక తెచ్చారని తగాదా. రాజకీయ నాయకుడి ముఖం పెడితే బావమరుదులు, మేనమామలు ఉన్న కుటుంబ గ్రూపులో ఆ పండగపూట మాటలు ఆగిపోతాయి. కార్టూన్ పిల్లికి పార్టీ లేదు, కులం లేదు, అభిమాన సంఘం లేదు. అందుకని ఇంట్లో పెద్దవారి మీద, కాలేజీలో లెక్చరర్ మీద, ఆఫీసులో మేనేజర్ మీద నేరుగా అనలేని మాటను ఆ పిల్లి చేత అనిపించడం క్షేమం.

ఒక దృశ్యాన్ని దగ్గరగా చూడాలి. 2016లో వచ్చిన ‘జూటోపియా’లో కుందేలు పోలీసు, నక్క కలిసి ఒక వాహనం నంబరు ఎవరిదో తెలుసుకోవడానికి వాహనాల కార్యాలయానికి వెళతాయి. అక్కడి గుమాస్తాలంతా స్లాత్‌లు, అంటే చెట్టుకొమ్మలకు వేలాడుతూ అతి నిదానంగా కదిలే జంతువులు. కౌంటరులో కూర్చున్న గుమాస్తా పేరు ఫ్లాష్, మెరుపు అని అర్థం. అతను ఒక్కో అక్షరాన్నీ విడదీసి పలుకుతాడు, విడదీసి టైపు చేస్తాడు. కుందేలు తొందరలో ఉందని తెలిసి తెలిసీ నక్క మధ్యలో ఒక జోకు చెబుతుంది. ముందుగా ఫ్లాష్ ముఖంలో ఏ మార్పూ ఉండదు. తరువాత కళ్లు కొద్దిగా పెద్దవవుతాయి, పెదవుల మూలలు పైకి జరుగుతాయి, నోరు తెరుచుకుంటుంది, చివరికి ఎప్పటికో నవ్వు బయటికి వస్తుంది. హాస్యానికి వేగం ప్రాణం అని నమ్మే చోట ఆ దర్శకులు వేగాన్నే తీసేశారు. సినిమా విడుదలకు ముందు ప్రచార చిత్రంగా వదిలింది కూడా ఈ దృశ్యాన్నే, అంటే అది సినిమా నుంచి ఊడివస్తుందని తీసినవారికీ ముందే తెలుసు.

అమెరికాలో వాహనాల కార్యాలయమంటే ఉన్న విసుగు వరంగల్ జిల్లాలో ఉండదు, ఇక్కడి విసుగు వేరు. అయినా కౌంటరు ఉంది, వరుస ఉంది, ముద్ర ఉంది, ముద్ర వేసే చెయ్యి ఉంది. ఆదాయ ధ్రువపత్రం కోసం మూడోసారి వచ్చిన మనిషికి ఆ దృశ్యంలో అనువాదం అక్కర లేదు. ఆ ముక్క మీద ‘సర్వర్ డౌన్ ఉంది, రేపు రా’ అన్న ఒక్క మాట పెడితే చాలు. అయితే ఇదే దృశ్యం నుంచి రెండు రకాల మీమ్‌లు పుట్టడమే గమనించవలసిన విషయం. కౌంటరు ఇవతల నిలబడి చూస్తే అది ఆఫీసు మీద కోపం. అవతల కూర్చుని చూస్తే అది తన బద్ధకం మీద తన నవ్వు: సోమవారం పొద్దున్నే మొదటి పీరియడుకు కాలేజీకి వచ్చిన విద్యార్థి, జోకు చెప్పిన పది నిమిషాలకు నవ్వే ట్యూబ్‌లైట్ మిత్రుడు. చూసేవాడు ఏ కుర్చీలోనైనా కూర్చోగలిగిన దృశ్యం ఎక్కువ కాలం బతుకుతుంది. కోపం మాత్రమే ఉన్న ముక్క ఆ కోపం చల్లారగానే పోతుంది.

నవ్వుతో పని లేకుండా మీమ్ అయిన దృశ్యానికి 2007 నాటి ‘రాటటూయీ’ మంచి ఉదాహరణ. ఎవరి వంటనూ మెచ్చని విమర్శకుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే కెమెరా అతని కంటిలోంచి వెనక్కి దూసుకుపోయి, చిన్నప్పుడు తల్లి పళ్లెం పెట్టిన గడప దగ్గర నిలుస్తుంది. తిరిగి వచ్చేసరికి అతని చేతిలోని కలం కింద పడిపోతుంది. దీనిలో మాట ఒక్కటీ లేదు. హాస్టల్‌లో నాలుగు నెలలు మెస్ కూర తిన్న విద్యార్థికి సంక్రాంతి తరువాత రూమ్మేటు తెచ్చిన డబ్బాలోంచి ఒక సకినం దొరికితే ఆ దృశ్యాన్ని అతకడం ఎవరికైనా తోస్తుంది. సకినం చోట సర్వపిండి పెట్టినా, పచ్చిపులుసు పెట్టినా దృశ్యం మోస్తుంది. ఇక్కడ హాస్యం అంటూ ఏదైనా ఉంటే అది తూకంలో ఉంది: అంత పెద్ద సంగీతం, అంత పెద్ద కెమెరా కదలిక, చేతిలో మాత్రం సగం విరిగిన సకినం.

ఇక గొంతు సంగతి. పెద్ద యానిమేషన్ సినిమాల్లో సాధారణంగా మాటలను ముందు రికార్డు చేస్తారు, ఆ గొంతుకు తగ్గట్టు తరువాత పెదవులు కదిలిస్తారు. ఇతర భాషల్లోకి వెళ్లేందుకు వీలుగా సంగీతాన్ని, చప్పుళ్లను మాటల నుంచి వేరు చేసి ఉంచుతారు. పైగా గీసిన నోటికి ఆకారాలు కొద్దిగానే ఉంటాయి. పెదవులు మూసుకున్న ఆకారం ఒకటి, గుండ్రంగా తెరిచినది ఒకటి, పక్కలకు సాగినది ఒకటి, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి డబ్బింగ్ చెప్పేవాడు అన్ని అక్షరాలనూ పట్టించుకోనక్కర లేదు. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు కలుస్తాయి కనుక పాత్ర నోరు మూసిన చోట ‘మల్ల’, ‘పైసల్’, ‘బిడ్డా’ లాంటి మాట పడితే మిగతాది కన్ను సర్దుకుంటుంది. పక్షులతో ఆ బాధ కూడా లేదు. సీగల్ ముక్కు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, ఏ రెండక్షరాల మాటైనా అందులో ఇముడుతుంది.

ఇంగ్లీషు పలికిన నోటికి పుస్తకాల తెలుగు కన్నా తెలంగాణ మాట బాగా అతుకుతుందని కూడా చెప్పవచ్చు. ‘ఎందుకు వచ్చావు’ అన్నదాంట్లో ఆరు అక్షరాలు, రెండు మాటల చివరా అచ్చు, ఆఖరున నోరు తెరిచే ఉంటుంది. ‘ఎందుకొచ్చినవ్’ అంటే ఐదింటిలో అయిపోతుంది, ఆఖరున నోరు దగ్గరికి వస్తుంది. ఇంగ్లీషు వాక్యాలు చాలావరకు హల్లుతో ఆగుతాయి గనుక గీసిన పాత్ర కూడా అలాగే నోరు ముగించి ఉంటుంది. ‘చేస్తున్నవ్’, ‘పోతున్నవ్’, ‘చూసినవ్’ లాంటి క్రియలు ఆ ముగింపు దగ్గర తాళం పడినట్టు కూర్చుంటాయి. దుప్పటి కప్పుకుని ఫోన్‌లో గొంతు రికార్డు చేసే పిల్లలు ఈ లెక్క వేసి చేయరు. రెండు మూడుసార్లు చెప్పి చూసి, సరిపోయినది ఉంచుతారు. చెవి చేసే పని అది.

అధికారిక డబ్బింగ్ భాష ఈ పిల్లలకు తెలియనిది కాదు. తెలుగులో పిల్లల కోసమే సన్ నెట్‌వర్క్ 2009లో మొదలుపెట్టిన ఖుషీ టీవీ, ఇతర చానళ్ల తెలుగు ప్రసారాలు చూసి పెరిగినవారే ఇప్పుడు మీమ్‌లు చేస్తున్నారు. ఆ తెలుగు ఎవరి ఇంట్లోనూ మాట్లాడనిది. అన్ని జిల్లాలకూ సరిపోవాలని చేసినది కావడం వల్ల ఏ జిల్లా వాసనా తగలదు. సినిమాల విషయంలో ఆ లోటును తారల గొంతుతో పూడుస్తున్నారు. 2019లో వచ్చిన ‘ది లయన్ కింగ్’ తెలుగు రూపంలో సింబాకు నాని, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు ఆలీ గొంతు ఇచ్చారు. ముఖం లేకుండా గొంతు మాత్రమే ఉన్న బ్రహ్మానందం తెలుగు మీమ్ ప్రపంచానికి ఒక విచిత్రమైన ఏర్పాటు. అడవిపంది ముఖం మీద తెలిసిన గొంతు వినబడగానే ప్రేక్షకుడి మనసులో ఇంకో ముఖం లేస్తుంది.

బడిలో నేర్పే భాషకూ నాలుక మీద ఉన్న భాషకూ మధ్య ఉన్న దూరాన్ని గురించి జీవితమంతా మాట్లాడిన కాళోజీ నారాయణరావు వరంగల్ మనిషే. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. మాండలికంలో డబ్బింగ్ చెప్పిన ప్రతి కార్టూన్ ముక్కనూ ఆ ఖాతాలో వేయడం మాత్రం పొరపాటు. తెలుగు సినిమాలో తెలంగాణ మాట చాలాకాలం హాస్యగాడికీ రౌడీకీ పరిమితమైంది, ఆ అలవాటు మీమ్‌లలోకి కూడా వచ్చింది. ముక్కలోని తెలివితక్కువ పాత్ర ఒక్కటే మాండలికంలో మాట్లాడి, మిగతావి పుస్తకంలోలా మాట్లాడితే అది భాష మీద నవ్వు. అన్ని పాత్రలూ, తెలివైనవి, దొరబాబులు, రాకుమార్తెలు సహా, ఒకే మాటతీరులో ఉంటే అది భాష లోపలి నవ్వు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే ‘మై విలేజ్ షో’ వీడియోల్లో అందరూ ఒకేలా మాట్లాడడం అలవాటైన ప్రేక్షకుడికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషు రాకుమార్తె ‘జర ఆగు, వస్తున్న’ అన్నప్పుడు వచ్చే నవ్వు ఆమెను తక్కువ చేయదు. ఆమె వాడకట్టు మనిషై వచ్చి కూర్చుంటుంది, అంతే.

ఒకరు వేసిన బొమ్మకు ఇంకొకరు గొంతు ఇవ్వడం ఈ ప్రాంతానికి ఇంటర్నెట్ నేర్పిన విద్య కాదు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీలనే చిత్రకారులు వేసే పటాలు అదే పద్ధతిలో నడిచేవి. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఎర్రని నేపథ్యం మీద అడ్డగళ్లుగా కథను వేస్తారు. పటం పొడవు ఎన్నో గజాలు. వేసినవారు నకాషీలు, ఊరూరా తిరిగి దాన్ని విప్పుతూ కులపురాణాన్ని చెప్పేవారు వేరే కళాకారులు, వినేది పద్మశాలీలు, గౌడులు, ముదిరాజులు, ఇంకా ఇతర కులాలవారు. బొమ్మకు మాట రాదు కాబట్టి పెద్ద కళ్లు, చాచిన చేతులు, దూరానికి కూడా తెలిసే భంగిమలు. మాట వచ్చేది కథకుడి గొంతులో, ఆ ఊరి యాసలో, ఆ రాత్రి వచ్చినవారిని చూసి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పటానికీ, ఫోన్ తెర మీద వేలితో పైకి తోసే నిలువు వీడియోకూ పోలిక ఒక హద్దు వరకే సాగుతుంది. పటం కథకుడు పురాణం గీత దాటడు, మీమ్ చేసేవాడికి ఆ గీతే లేదు.

మిగిలిన కారణాలు ఫోన్‌లో ఉన్నాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత ఊళ్లలో కూడా వీడియో పంపుకోవడం ఖర్చు లేని పనయింది. 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించాక ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఆ చోటును తీసుకున్నాయి. నిలువు తెర దృశ్యాల ఎంపికను మార్చేసింది. వెడల్పాటి సినిమా బొమ్మను నిలువుగా కోస్తే మధ్యలో ఉన్న ఒక్క ముఖం మిగులుతుంది, పక్కపక్కన నిలబడి వాదులాడే ఇద్దరిలో ఒకరు పోతారు. అందుకే ఒంటరి ముఖాలే ఎక్కువ తిరుగుతున్నాయి. మీద తెలుగులో రాద్దామంటే కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు విడిపోయి ‘హనుమకొండ’ నిలిచినా ‘చౌరస్తా’ చెదిరిపోతుంది, అందుకని చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేస్తారు. తెలుగు లిపి అలా తెర మీద నుంచి తప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు.

హక్కుల గొడవ కూడా బొమ్మ రూపాన్ని మార్చింది. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది కానీ వ్యంగ్యానుకరణ పేరు అందులో విడిగా లేదు. హక్కులున్న వీడియోలను దానంతటదే గుర్తుపట్టడానికి యూట్యూబ్ 2007 నుంచి నడుపుతున్న కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఈ చర్చలోకి దిగదు, బొమ్మా ధ్వనీ పోలిస్తే పట్టేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి బొమ్మను అద్దంలోలా తిప్పడం, వేగం కొంచెం పెంచడం, చుట్టూ రంగు చట్రం వేయడం మొదలైంది. కొన్నాళ్లకు ఈ దొంగ వేషమే మీమ్ అలంకారంగా స్థిరపడింది. ఇప్పుడు హక్కుల భయం లేని ముక్కకు కూడా చట్రం వేస్తున్నారు.

దృశ్యం నుంచి ఒక్క ముఖమే మిగిలి, దాని చుట్టూ కొత్త కట్టడం లేచిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2004 నాటి ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ కథానాయకుడి ముఖాన్ని నలుపు తెలుపుల్లో వికారంగా మార్చి, మెట్టు మెట్టుకూ ఇంకా భయంకరం చేస్తూ, సంగీతాన్ని కూడా అలాగే చీకటిలోకి దింపే వీడియోలు 2021 చివర వెల్లువెత్తాయి. ఇందులో సినిమా కథ ఊసే లేదు, ఉన్నది మెట్ల వరుస. ఇంటర్ ఫలితాల మార్కులు ఒక్కో వంద తగ్గుతూ రావచ్చు, వేసవి కరెంటు బిల్లు ఒక్కో వెయ్యి పెరుగుతూ పోవచ్చు, వరుసలో పెట్టగలిగినదేదైనా అందులో పడుతుంది.

నాణ్యమైన యానిమేషన్ ఉంటేనే మీమ్ పుడుతుందన్న మాటకు హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ చేసిన ‘ఛోటా భీమ్’ అడ్డం వస్తుంది. 2008లో పోగో చానల్‌లో మొదలైన ఆ ధారావాహికలో కదలిక తక్కువ, ముఖాల్లో మార్పు తక్కువ, పైన చెప్పిన సూత్రాల ప్రకారం చూస్తే పెద్దగా పనికిరాదు. అయినా లడ్డు తినగానే భీముడికి బలం వచ్చే ముక్క తెలియని పాతికేళ్ల లోపువారు అరుదు. దానికి యానిమేటర్ చేతి నేర్పు కన్నా కొన్ని వందల సాయంత్రాల అలవాటు తోడైంది. బడి నుంచి వచ్చి సంచి పడేసి చూసిన బొమ్మకు వివరణ అక్కర లేదు. పరీక్ష ముందు రోజు రాత్రి ఛాయ్ గ్లాసు ఎత్తిన విద్యార్థి పక్కన భీముడి లడ్డును పెట్టగానే విషయం తెలిసిపోతుంది.

గొంతు అతికిన తరువాత కూడా ప్రయాణం ఆగదు. రీల్స్‌లో ఒక వీడియో ధ్వనిని ఎవరైనా తీసుకుని తమ బొమ్మకు పెట్టుకోవచ్చు. పక్షుల బొమ్మ వచ్చింది అమెరికా స్టూడియో నుంచి, గొంతు హనుమకొండలో అద్దె గది నుంచి. ఒకటి రెండు వారాల్లో ఆ గొంతు పక్షులను వదిలేసి పెళ్లి బంతిలో కుర్చీ వెనక నిలబడ్డ చుట్టాల మీదికి, నీళ్ల తొట్టి దగ్గర కుమ్ముకునే బర్రెల మీదికి, కాజీపేట జంక్షన్‌లో జనరల్ బోగీ తలుపు మీదికి వెళుతుంది. వాకిట్లో గింజలు చల్లగానే పరుగెత్తే కోళ్ల మీద ‘గీ సీటు నాదే’ అని వినబడుతుంది. గింజల దగ్గర సీటు ఏమిటని అడిగేవారు ఉండరు.